గుంటపువ్వు గోడలు

మా వైపు సిమెంటు దిమ్మెల ఇళ్ళ మీద ఈ మధ్య ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, పెద్ద పెద్ద ఫోటోలు. ఏ కట్టడం ఏ కాలంలో కట్టారో, ఏ గోడ మీద ఏ నమూనా ఉందో వివరంగా రాశారు. డెబ్భై నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: "అరుదైన ఈ గుంటపువ్వు నమూనాను తర్వాతి రోజుల్లో ఎవరో తెలివితక్కువ మేస్త్రి సిమెంటు పూసి పాడుచేశాడు."

ఆ తెలివితక్కువ మేస్త్రి మా నాన్న. ఆ పువ్వుకి అచ్చు చేసింది కూడా ఆయనే.

పుస్తకం రాసిన అమ్మాయి మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో వాళ్ళకే కాదు, పోస్టాఫీసులో నాతో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు. కానీ ఆమె తప్పేముంది? ఎండలో ఊరూరా తిరిగి, టేపు పెట్టి కొలిచి, కనిపించింది రాసుకుంది. కనిపించనిది చెప్పడానికి ఇప్పుడు మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. నాన్న ఉండగా అయితే ఇది రాసేదాన్ని కాదు. ఆయన రాయనిచ్చేవాడు కాదు.

మాది ఇసుకపొడి నేల. ఆ మట్టితో ఇటుక కోసి కాలిస్తే బిస్కెట్టులా విరిగిపోయేది. రాయి కావాలంటే రెండు రోజులు బండి తోలుకెళ్ళాలి. అందుకని నాన్న చిన్నతనంలో ఊరంతా మట్టిగోడలే. వానలు వెలిశాక ఆ గోడలు మెత్తుకోవడం ఆడవాళ్ళ వంతు, మెత్తినదాన్ని మళ్ళీ కరిగించడం వాన వంతు. అలాంటి చోటికి, రైలు స్టేషను పక్కన గోదాము కట్టడానికి వచ్చిన ఒక కాంట్రాక్టరు ఇనప పెట్టె ఒకటి తెచ్చాడు. పెట్టె అడుగున అచ్చుపలక, చుట్టూ నాలుగు తలుపులు, పక్కన పొడుగాటి పిడి. అందులో సిమెంటు మాలు కూరి పిడి లాగితే పెట్టె ఒరిగి, తలుపులు తెరుచుకుని, దిమ్మె నిలబడి ఉండేది. నాన్న అప్పుడు అక్కడ ఇసుక జల్లించే కూలీ. మొదటి దిమ్మె ముఖం కొండరాయిని ఉలితో చెక్కినట్టు గరుకుగా ఉందట. "రాయి పుట్టడం నా కళ్ళతో చూశాను" అని జీవితమంతా చెప్పుకున్నాడు. గోదాము పూర్తయ్యాక కాంట్రాక్టరు అంత బరువు మోసుకెళ్ళడం దండగనుకుని పెట్టెను నాన్నకే వదిలేసి పోయాడు.

పని చూడ్డానికి తేలిక. చేస్తేగానీ తెలియదు. ముందు అచ్చుపలక మీద సన్న ఇసుక, ఎక్కువ సిమెంటు కలిపిన మాలు వేలి మందాన పరచాలి. అది దిమ్మెకి ముఖం. దాని పైన ముతక ఇసుక, తక్కువ సిమెంటు మాలు. అది ఒళ్ళు. మాలు తడెక్కువైతే దిమ్మె జారిపోతుంది, తక్కువైతే రాలిపోతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దకట్టాలి, చెయ్యి తెరిస్తే తడి అంటకూడదు. ఆ తర్వాత దిమ్మిసతో బాది కూరాలి. బయటికి తీసిన దిమ్మెల్ని నీడలో వరస పెట్టి, గోనెపట్టాలు కప్పి, రెండు వారాలు తడుపుతూనే ఉండాలి. కూరడం నాన్న, తడపడం అమ్మ. మా అమ్మ బట్టల అంచులు పొడిగా ఉండగా నేను చూసింది తక్కువ.

మట్టిగోడల మధ్య పుట్టి పెరిగిన జనానికి రాతిగోడ దర్జా అంత చవగ్గా దొరికేసరికి ఆగలేకపోయారు. ఒకాయన వీధివైపు గోడ ఒక్కటే దిమ్మెలతో కట్టించుకుని, మిగతా మూడూ మట్టితోనే ఉంచేశాడు. ఎవరొచ్చినా వీధిలోనే నిలబెట్టి, మాట్లాడి, అట్నుంచటే పంపేసేవాడు. లోపలికి రమ్మని ఆయన అనగా విన్నవాళ్ళు లేరు. తర్వాత బడి, ఆస్పత్రి, పోస్టాఫీసు, నూనె మిల్లు, అన్నీ దిమ్మెలతోనే లేచాయి. నాన్నకి దిమ్మెలాయన అన్న పేరు స్థిరపడిపోయింది. ఉత్తరాల మీద కూడా ఆ పేరే రాసేవారు.

కొన్నేళ్ళకి చుట్టుపక్కల ఇంకో నలుగురు పెట్టెలు తెప్పించుకున్నారు. అందరివీ అవే పలకలు: గరుకు రాయి, తాడు అంచు, నున్నటిది. ఎవరి దిమ్మె ఎవరిదో పోల్చుకోలేనంత ఒకేలా ఉండేవి. అప్పుడు మా అమ్మ ఒక మేకు తీసుకుని, దిమ్మెలు ఆరబెట్టే చెక్క మీద ఒక పువ్వు గీసింది. ఎనిమిది రేకులు, నడుమ చిన్న గిన్నెంత దుద్దు. "ఇదెక్కడా లేదు కదా, ఇది చెయ్యి" అందట. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్న ఆ పువ్వుని చెక్కలో చెక్కడం నాకు బాగా గుర్తుంది. వారం పాటు ఎవరేం పలకరించినా ఊ అనడమే గానీ తలెత్తలేదు.

చెక్కిన నమూనాని పోత మామయ్యకి ఇచ్చాడు. ఆయన నాన్నకి ప్రాణస్నేహితుడు, పక్క ఊళ్ళో ఇనుము కరిగించి పోతపోసే కొలిమి ఉండేది. చెక్కని ఇసుకలో అదిమి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తాడు. ఇక్కడే నాన్న తప్పులో కాలేశాడు. అచ్చులో ఉబ్బుంటే దిమ్మెలో గుంట పడుతుంది, అచ్చులో గుంట ఉంటే దిమ్మెలో ఉబ్బు వస్తుంది. ఇది పసిపిల్లకైనా తెలుసు, ఎనిమిదేళ్ళ నాకే తెలుసు. కానీ నాన్న లెక్క ఏమిటంటే, చెక్కలో ఉబ్బు పువ్వు చెక్కాడు గనక పోతలో అది తిరగబడి గుంట అవుతుంది, దిమ్మెలో మళ్ళీ తిరగబడి ఉబ్బు అవుతుంది అని. చెక్కకీ ఇనుముకీ మధ్య ఇసుక ఉందనీ, అక్కడ ఒక తిరుగుడు ఎక్కువుందనీ మరిచిపోయాడు. ఇనప పలక మీద పువ్వు చెక్క మీద ఉన్నట్టే ఉబ్బుగా వచ్చింది. దిమ్మెలో గుంట పడింది.

ఆ మొదటి దిమ్మె తీసిన రోజు నేను బడిలో ఉన్నాను. నాకు తెలిసినదంతా తర్వాత నాన్న చెప్పిందే. "పొరపాటు చేశాను. చూశాక బాగుందిలే అనిపించి నేనే ఉంచేశాను" అన్నాడు. అప్పట్లో ఎవరడిగినా అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా.

నిజంగానే బాగుండేది. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ప్రతి గుంటలోనూ నీడ నిండేది, గోడంతా నల్లపూలు పూసినట్టుండేది. ఉబ్బు పువ్వయితే అంత అందం వచ్చేది కాదు. ఆ ఏడాది నుంచి కొత్త ఇల్లు కట్టేవాళ్ళంతా గుంటపువ్వే కావాలన్నారు. మిగతా నలుగురి దగ్గరా పని పడిపోయింది. మేం కూడా మట్టి ఇల్లు పడగొట్టి, నాలుగు వైపులా పువ్వులతో ఇల్లు కట్టుకున్నాం. అమ్మ మంచం పడమటి గోడ వారన వేసుకుంది. ఆ గోడకున్న కిటికీలోంచి దిమ్మెల వరసలు కనిపిస్తాయి, ఏది ఆరిపోతోందో పడుకునే చూసుకోవచ్చు అని.

మా వైపు వాన పడమటి నుంచి కొడుతుంది.

నాలుగైదేళ్ళకి అమ్మ మంచం పక్కన సున్నం పొక్కులు కట్టడం మొదలైంది. తర్వాత నల్లచుక్కలు. నాన్న కప్పు కారుతోందనుకున్నాడు. ఎక్కి రేకులు మార్చాడు. మరుసటేడు మళ్ళీ మార్చాడు. అమ్మకి దగ్గు పట్టుకుంది. మొదట వానాకాలమే వచ్చేది, తర్వాత కాలంతో పనిలేకుండా వచ్చేది. ఆస్పత్రిలో డాక్టరుగారు ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు. ఏళ్ళ తరబడి సిమెంటు దుమ్ము, తడి పని, గదిలో చెమ్మ, ఇది ఫలానా దాని వల్లే అని చెప్పలేం అన్నారు. ఆ చివరి మాట నాన్న చెవిన వేసుకున్నాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వేసుకోలేదు.

అమ్మ ఆస్పత్రిలో ఉండగా ఒక ఉదయం వాన వెలిశాక నేను పడమటి గోడ దగ్గర నిలబడ్డాను. ప్రతి పువ్వులోనూ, దుద్దు అడుగున, చెంచాడు నీళ్ళు మెరుస్తున్నాయి. వేలు పెట్టి చూశాను. అక్కడ ముఖం మాలు కాగితమంత పలచగా ఉంది. అచ్చులో పువ్వు ఉబ్బుగా ఉండడంతో అక్కడ మంచి మాలు పక్కలకి జారి, వెనకున్న తక్కువ సిమెంటు మాలే మిగిలిందన్నమాట. ఆ నీళ్ళన్నీ దిమ్మె తాగి, గోడ తాగి, లోపలికి పోతున్నాయి. గోడకి అటువైపు అమ్మ తలగడ.

అమ్మ ఇంటికి తిరిగి రాలేదు. నాకు పంతొమ్మిదేళ్ళు. వారం రోజుల తర్వాత మళ్ళీ వాన పడింది. నాన్నని చెయ్యి పట్టుకుని ఆ గోడ దగ్గరికి లాక్కెళ్ళాను. నీళ్ళు చూపించాను.

"రెండుసార్లు కప్పు మార్చావు. ఒక్కసారి గోడ చూశావా? నీ పువ్వే అమ్మని తినేసింది నాన్నా" అన్నాను.

నోరు పారేసుకోవడం నాకు కొత్త కాదు. కానీ అంతకు ముందు పారేసుకున్న మాటలన్నీ ఏరుకోగలిగాను. ఇది ఏరుకోలేకపోయాను. నాన్న పువ్వులో వేలు పెట్టి, తడి చూసుకుని, వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. మర్నాడు మాలు కలిపి, తాపీ పట్టుకుని, మా పడమటి గోడ మీద ఒక్కో పువ్వూ పూడ్చేశాడు. అది అయ్యాక బకెట్టు సైకిలుకి తగిలించుకుని ఊళ్ళోకి వెళ్ళాడు.

అలా పదకొండేళ్ళు తిరిగాడు. గుంటపువ్వు దిమ్మెలు అమ్మిన ప్రతి ఇంటికీ, ప్రతి ఊరికీ. మామూలు దిమ్మెల పని చేస్తూనే, తీరిక దొరికినప్పుడల్లా. గుమ్మంలో నిలబడి అడిగేది ఒకటే ప్రశ్న: "పడమటి గోడ వారన ఎవరు పడుకుంటారమ్మా?" ముసలివాళ్ళో పసివాళ్ళో అని చెబితే ఆ రోజే మొదలుపెట్టేవాడు. ఎవరూ పడుకోరంటే వాళ్ళని జాబితాలో కిందికి జరిపేవాడు. ఆ జాబితా కాగితం మీద లేదు, బుర్రలోనే. నలభై మూడు ఇళ్ళలో ఏ గదిలో ఎవరి మంచం ఎటు తిరిగి ఉంటుందో ఆయనకి కంఠతా వచ్చు.

ఊరు ఊరుకుంటుందా. పెళ్ళాం పోయాక దిమ్మెలాయనకి మతి పోయిందన్నారు. కొందరు తిట్టారు. మోజుపడి కట్టించుకున్న గోడని వికారం చేస్తానంటే ఎవరికి మాత్రం మండదు? నూనె మిల్లు గుమస్తా ఒకాయన, "మా ఆవిడ నాతో కంటే ఆ పువ్వులతోనే సఖ్యంగా ఉంటుంది, వాటి జోలికి రాకు బాబూ" అని దణ్ణం పెట్టాడు. ఆరు నెలలు వాళ్ళింటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఆ గోడా పూడ్చాడు. ఎవరేం అన్నా తలవంచుకుని, "నా పొరపాటేనండీ. తప్పని తెలిసీ నేనే ఉంచాను" అనేవాడు. పూడ్చిన చోట రంగు కలవక, గోడలు అతుకులేసిన బట్టల్లా తయారయ్యాయి. పుస్తకం రాసిన అమ్మాయి చూసింది ఆ అతుకులే.

ఈలోగా కాలం మారింది. లారీల మీద కాల్చిన ఇటుక వచ్చింది. దిమ్మెల ఇల్లంటే పాత ఇల్లని అర్థం వచ్చింది. పెట్టెలు ఒక్కొక్కటే తుప్పుపట్టాయి. నాన్న చేతులు వణకడం మొదలైంది. ఇన్నేళ్ళ దిమ్మిస దెబ్బలు చేతుల్లోంచి ఎక్కడికి పోతాయి అన్నారు డాక్టరుగారు. టీ గ్లాసు సగమే నింపి ఇచ్చేదాన్ని.

నేను ఆయన్ని సరిగానే చూసుకున్నాను. వేళకి పెట్టాను, మందులిచ్చాను. కానీ ఆ గోడ దగ్గర అన్న మాట మా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. నేను వెనక్కి తీసుకోలేదు. నిజమే కదా అన్నానని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

నాకు ముప్ఫై నాలుగేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం పోత మామయ్య పోస్టాఫీసుకి వచ్చాడు. కొలిమి ఎప్పుడో ఆపేశాడు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. బల్లకి అవతల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు.

"ఏముంది మామయ్యా, మంచం మీద కూర్చుని గోడల లెక్క చూసుకుంటాడు. ఆ పలక తప్పుగా వచ్చిన రోజే పగలగొట్టి ఉంటే ఈ బాధే లేకపోను. తన పంతం తనది" అన్నాను.

మామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"పంతమా? వాడికా? పలక నేనే సైకిలు మీద తెచ్చాను తల్లీ. మొదటి దిమ్మె నా ముందే తీశాడు. గుంట పడేసరికి వాడి ముఖంలో నెత్తురు లేదు. సుత్తి తీసుకుని పలక పగలగొట్టబోయాడు. రెండు రోజులాగు, మళ్ళీ పోసిస్తానన్నాను నేను. మీ అమ్మే అడ్డం పడింది. సుత్తి పట్టుకుని వదల్లేదు. ఇదే బాగుంది, నేను గీసినదానికంటే బాగుంది, దీన్ని ముట్టుకుంటే ఒప్పుకోనంది. వాన పడితే నీళ్ళు నిలుస్తాయేమోనని మీ నాన్న అప్పుడే అన్నాడు. చెంచాడు నీళ్ళకి గోడ కరిగిపోతుందా అని నవ్వింది."

"నాన్న నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాను.

"ఎలా చెబుతాడమ్మా. ఆవిడ పోయాక నన్ను పిలిచి మరీ చెప్పాడు, ఆ రోజు సంగతి ఎక్కడా అనొద్దని. ఊరంతా రేపు ఆవిడ మీద పడుతుంది, తను చేసుకున్నదే తనకి తగిలిందంటారు, ఆ మాట నేను వినలేనన్నాడు. నేనూ ఇన్నాళ్ళూ కడుపులోనే పెట్టుకున్నాను. నువ్వు పంతం అనేసరికి ఆగలేకపోయాను."

అమ్మ మీద నాకు కోపం రాలేదు. ఆమె చూసింది అందం. దాన్ని చూసి మురిసిపోని మనిషి ఆ రోజుల్లో ఎవరున్నారు గనక? నాకు ఏడుపు వచ్చింది నాన్న గురించి. పదిహేనేళ్ళు నా మాట మోశాడు. ఒక్క ముక్క చెబితే దించుకోగలిగిన బరువు.

ఇంటికి వచ్చేసరికి నాన్న గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. టీ ఇచ్చి పక్కనే కూర్చున్నాను.

"నాన్నా, ఆ పలక పగలగొడతానంటే అమ్మ వద్దందట కదా."

"ఎవరన్నారు?"

"మామయ్య."

"వాడికి మతి చలించింది. నిన్న నన్ను పట్టుకుని వాళ్ళ అన్న అనుకున్నాడు."

"నిన్న మామయ్య మనింటికి రానేలేదు నాన్నా."

టీ ఊదుకుంటూ, "మొన్నయ్యుంటుంది" అన్నాడు. గ్లాసు మెట్టు మీద పెట్టి, "పని నాది, పొరపాటు నాది. మీ అమ్మకి అచ్చుల సంగతి ఏం తెలుసని? మధ్యలో ఆవిణ్ణి లాగకు" అన్నాడు.

"ఆ రోజు గోడ దగ్గర నిన్నొక మాటన్నాను."

"ఏ రోజు?"

"అమ్మ పోయిన వారానికి."

"ఏమన్నావు?"

ఆ మాట రెండోసారి నా నోటితో అనలేకపోయాను. "తప్పు మాటన్నాను నాన్నా" అన్నాను.

"నాకేం గుర్తులేదమ్మా" అన్నాడు.

నలభై మూడు ఇళ్ళ మంచాలు గుర్తున్న మనిషి.

ఆ మాట అక్కడితో తుంచేసి, ఇంకో పని చెప్పాడు. ఆస్పత్రి కాంపౌండరు గారి ఇల్లు ఒక్కటే మిగిలిపోయింది. ఊపిరితిత్తుల గురించి నాకా చెప్పేది అని ఆయన బతికినన్నాళ్ళూ గోడ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఇప్పుడు ఆయన లేడు, వాళ్ళావిడ సరేనంది. కోడలు కాన్పయి పసిపిల్లతో పడమటి గదిలో ఉంటోందట. "నా చేత కాదు. నువ్వు వెళ్ళొస్తావా?" అన్నాడు. నా చేత ఒక పని చేయించుకోవాలని ఆయన అడగడం అదే మొదలు.

సెలవు పెట్టి వెళ్ళాను. మాలు కలిపి పిడికిట్లో నొక్కి చూసుకున్నాను. చిన్నప్పుడు నాన్న పక్కన పట్టిన తాపీయే, చాలా ఏళ్ళయినా చెయ్యి మరిచిపోలేదు. పువ్వులో పాత నాచు గీకి, నీళ్ళు చల్లి, మాలు అదిమి, అంచు సరిచేసి, పక్క పువ్వుకి వెళ్ళడం. కాంపౌండరు గారి భార్య కుర్చీ తెచ్చుకుని దగ్గరే కూర్చుంది. లోపల పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"ఈ పువ్వు గీసింది మీ అమ్మేనట కదా. నీళ్ళు నిలుస్తాయని ఆవిడకైనా తోచలేదా?" అంది.

ఆమె ఊరికే అడిగింది. నా చెయ్యి ఆగిపోయింది. నిజం చెబితే నాన్న మీదున్న నింద దిగిపోతుంది, సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళూ ఆయన కాపాడుకుంటూ వచ్చింది తన పేరు కాదు.

"అమ్మ గీసింది మామూలు పువ్వేనండీ. నాన్నే తిరగేసి చేశాడు. తప్పని తెలిసీ ఆయనే ఉంచాడు" అన్నాను.

"మగాళ్ళ పంతం" అంది ఆమె.

"అవునండీ" అన్నాను.

చీకటి పడకముందే ఇంటికి వచ్చేశాను. గోడ అయిపోయిందని చెప్పాను. ఆమె ఏమైనా అడిగిందా అన్నాడు. అడిగింది చెప్పాను, నేనన్నది చెప్పాను. నాన్న "బాగా చెప్పావు" అన్నాడు. అంత తేలికపడ్డ ముఖం అమ్మ పోయాక నేను చూడలేదు.

ఆ ముఖం చూసి ధైర్యం చేసి, "నన్ను క్షమించావా నాన్నా?" అని అడిగాను.

"దేనికి?" అన్నాడు.

ఆ చలికాలంలోనే పోయాడు. చివరిదాకా గుర్తులేదన్న మాట మీదే ఉన్నాడు. నన్ను బాధపెట్టకూడదనే అలా అన్నాడని తెలుసు. కానీ గుర్తుందని ఒక్కసారి ఒప్పుకుని ఉంటే తిట్టేవాడో, పోనీలే అనేవాడో, ఏదో ఒకటి నాకు దక్కేది.